నల్లగొండ నుంచి అరూషాకు: డిగ్రీలో ఉండగానే విదేశంలో సొంత పరిశోధన ఎలా చేయాలి

ఏడాదికి నలుగురైదుగురు విద్యార్థులు నా దగ్గరికి వచ్చి ఒకే ప్రశ్న అడుగుతారు: "సార్, వేసవి సెలవుల్లో పరిశోధనకు ఏ దేశం వెళ్తే బాగుంటుంది?" సంబంధం కుదరకముందే కల్యాణమండపానికి అడ్వాన్సు ఇచ్చినట్టు ఉంటుంది నాకు ఆ మాట. ముందు తేల్చుకోవలసింది మీరు ఏమి తెలుసుకోవాలనుకుంటున్నారన్నది. ఎక్కడికి వెళ్ళాలో ఆ విషయమే చెబుతుంది.

వెళ్ళడానికి రెండు దారులున్నాయి. మొదటిది తయారుగా ఉన్న పథకంలో చేరడం. జర్మనీకి డాడ్ సంస్థ నడిపే వైజ్, కెనడాకు మైటాక్స్ గ్లోబలింక్, ఫ్రాన్స్‌కు చార్పాక్ ల్యాబ్ స్కాలర్‌షిప్, జపాన్‌లో ఒకినావా శాస్త్ర సాంకేతిక సంస్థ ఇంటర్న్‌షిప్ ఇలాంటివి. వీటిలో ప్రయోగశాల వాళ్ళది, ప్రశ్న కూడా చాలావరకు వాళ్ళదే. ఖర్చులో పెద్ద భాగం వాళ్ళే చూసుకుంటారు. గడువు తేదీలు, ఏయే కళాశాలల వారు అర్హులన్నది ప్రతి ఏడాదీ అసలు ప్రకటనలోనే చదవండి, సీనియర్ల మాట మీద ఆధారపడవద్దు. ఈ దారి గురించి ఇంతకంటే చెప్పవలసిందేమీ లేదు.

రెండో దారిలో ప్రశ్న మీది, పని మీది, తప్పొప్పులు కూడా మీవే. ఆ ఊరి వాళ్ళకు కొంత ఉపయోగపడాలన్న కోరిక కూడా ఉంటుంది. ఈ వ్యాసం దాని కోసం. గాలిలో మాట్లాడకుండా ఒక ఉదాహరణ పట్టుకుని చెబుతాను: నల్లగొండ వైపు నుంచి వచ్చిన బీఎస్సీ కెమిస్ట్రీ విద్యార్థి ఉత్తర టాంజానియాలోని అరూషా ప్రాంతానికి వెళ్ళి తాగునీటిలో ఫ్లోరైడ్ గురించి పని చేయడం.

అరూషాయే ఎందుకంటే, ఈ కథలో మన పేరు ముందే ఉంది. మన దగ్గర ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బును, వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటి తయారుచేసి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే అది తూర్పు ఆఫ్రికా దాకా వెళ్ళింది. అక్కడ మేరు అగ్నిపర్వతం చుట్టూ ఉన్న రాతి వల్ల బావులలోనే కాదు, ఊటల్లో, వాగుల్లో కూడా ఫ్లోరైడ్ ఎక్కువ. మాజీ యా చాయ్ అని ఒక ఊరు ఉంది. స్వాహిలీలో మాజీ అంటే నీళ్ళు, చాయ్ అంటే మనకు తెలిసిన చాయే. టీ రంగు నీళ్ళ ఊరన్నమాట.

1. ప్రశ్నను అరచేతిలో పట్టేంత చేయండి (ఏడాది ముందు)

"టాంజానియాలో ఫ్లోరైడ్ సమస్యకు పరిష్కారం" అని రాసుకొస్తే కాగితం వెనక్కి ఇచ్చేస్తాను. ఎనిమిది వారాల్లో ఒక్క మనిషి చేయగలిగింది ఇంత: ఒక ఊరిలో నలభై ఇళ్ళు, వాళ్ళు తాగే నీళ్ళు ఎక్కడివి, అందులో ఫ్లోరైడ్ ఎంత, నీళ్ళు కాక ఇంకే దారిలో అది ఒంట్లోకి వెళ్తోంది.

ఆ చివరి భాగం ఊరికే చేర్చలేదు. అక్కడ చిక్కుడు జాతి గింజలు, ఎండు మొక్కజొన్న కలిపి మకాండే అనే కూర వండుతారు. గింజలు త్వరగా మెత్తబడాలని మగాడి అనే క్షారపు ఉప్పు ఒక చిటికెడు వేస్తారు, మనం శనగలలో వంటసోడా వేసినట్టు. ఆ మగాడిలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్ళ సీసాతో మాత్రమే వెళ్ళిన విద్యార్థికి ఇది కనబడదు. వంటింట్లో పది నిమిషాలు కూర్చున్న విద్యార్థికి కనబడుతుంది. ఇప్పటికే అచ్చయిన పరిశోధన పత్రాల్లోనూ ఇది ఉంది, కాబట్టి బయలుదేరే ముందు కనీసం ఇరవై పత్రాలు చదవండి.

ఇంకో మాట కూడా ఇప్పుడే రాసుకోవాలి: సమాధానం ఎవరి చేతికి వెళ్తుంది? ఒక ఇంటి నీళ్ళలో లీటరుకు 6 మిల్లీగ్రాములు వచ్చాయనుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 1.5. ఆ ఇంటి తల్లికి మీరు ఏమని చెబుతారు? వేరే నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో మీకు తెలుసా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా వెళ్తే మీరు భయాన్ని పంచి, పరిశోధన పత్రం పట్టుకుని తిరిగొస్తారు. నా దృష్టిలో మొత్తం ప్రణాళికలో బరువైన వాక్యం ఇదే.

2. అక్కడి మనిషికి ఉత్తరం (పది నెలల ముందు)

అక్కడి సంస్థ ఒకటి మిమ్మల్ని తమ మనిషిగా ఒప్పుకోకపోతే ఏ అనుమతీ రాదు. అరూషాలో నెల్సన్ మండేలా ఆఫ్రికన్ శాస్త్ర సాంకేతిక సంస్థ ఉంది, నీటి మీద పని చేసే అధ్యాపకులు ఉన్నారు. దగ్గర్లోనే న్‌గుర్‌డోటో అనే చోట నీటి మంత్రిత్వ శాఖకు ఫ్లోరైడ్ తొలగింపు పరిశోధన కేంద్రం కూడా ఉంది.

విద్యార్థులు రాసే మొదటి ఉత్తరం దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: "గౌరవనీయులైన మహాశయా, నాకు చిన్నప్పటి నుంచి పరిశోధన అంటే అపారమైన ఆసక్తి. మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో ఒక అవకాశం ఇప్పించ ప్రార్థన." ఇదే ఉత్తరం నూటయాభై మందికి పంపినట్టు అవతలివారికి తెలిసిపోతుంది. దాని బదులు ఇలా రాయండి:

"మా ఊరు నల్లగొండ జిల్లాలో ఉంది. మా నాయనమ్మ మోకాళ్ళు ఫ్లోరోసిస్ వల్ల వంగిపోయాయి. ఇంటింటి నీటి మీద మీరు రాసిన పత్రం చదివాను. అందులో మీరు ఎండాకాలపు నమూనాలే తీసుకున్నారు. వాన తగ్గిన వెంటనే, అంటే జూన్‌లో, అవే ఊటల్లో అంకె మారుతుందా అని తెలుసుకోవాలని ఉంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో ఏడాదిగా పని చేస్తున్నాను. జూన్, జూలై నెలల్లో ఎనిమిది వారాలు రాగలను. నా ఖర్చు నేనే చూసుకుంటాను. ఈ పని మీకు ఉపయోగపడుతుందా, లేక ఇంతకంటే అవసరమైనది ఇంకేదైనా ఉందా?"

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచే పరికరం. ఉత్తరంలో చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. నిజంగా అడగండి. "ఊటలు వద్దు, బడి కుళాయిలు చూడండి" అని వాళ్ళు అంటే మీ ప్రశ్న మార్చుకోండి. నాయనమ్మ మాట నిజమైతేనే రాయండి. లేని మోకాళ్ళు వంచకండి. మూడు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి.

3. అనుమతులు (ఎనిమిది నెలల ముందు మొదలు)

ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. "ఆన్‌లైన్‌లో టూరిస్టు వీసా వస్తుంది కదా, వెళ్ళాక చూసుకుందాం" అంటారు. టూరిస్టు వీసా మీద నమూనాలు సేకరించడం, సేవ పేరుతో పని చేయడం కూడా నిబంధనలకు విరుద్ధం. పరిశోధనకు టాంజానియా శాస్త్ర సాంకేతిక కమిషన్, అంటే కాస్టెక్, అనుమతి పత్రం కావాలి. దానికి అక్కడి సహ పరిశోధకుల పేరు తప్పనిసరి. ఆ తర్వాత 'సి' తరగతి నివాస అనుమతి. మీ పనిలో మనుషుల ఆరోగ్యం గురించిన ప్రశ్నలుంటే, పళ్ళ మీద మచ్చలు చూడటం కూడా అందులోకే వస్తుంది, జాతీయ వైద్య పరిశోధన సంస్థ నైతిక అనుమతి కూడా కావాలి. మీ కళాశాల తరఫున నైతిక సంఘం ఉంటే అక్కడా ముందే పెట్టండి. లేకపోతే విశ్వవిద్యాలయంలో అడగండి.

నా సలహా: డిగ్రీ స్థాయిలో పళ్ళ జోలికి పోకండి. నీళ్ళు, మగాడి, వంట, ఇంతవరకు చాలు. పిల్లల నోళ్ళు తెరిపించి ఫొటోలు తీయడం దంతవైద్యుల పని.

4. పాస్‌పోర్టులో మీ పేరు

ఇది తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా రాసిపెట్టిన కష్టం, అందుకే కాస్త ఆగుతాను. టెన్త్ మెమోలో "కె వి ఎస్ లక్ష్మి". ఆధార్‌లో "లక్ష్మి కె". పాస్‌పోర్టు దరఖాస్తులో రెండు గళ్ళు: సర్‌నేమ్, గివెన్ నేమ్. ఇంటిపేరు విప్పి రాయాలా, పొడి అక్షరాలే ఉంచాలా తెలియక కొందరు సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీ గడి తర్వాత ఎన్ని ఆఫీసులు తిప్పుతుందో! ఒక్క గడిలోనే పేరున్న పాస్‌పోర్టు మీద అమెరికా వీసా తీసుకుంటే మొదటి పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, మొదటి పేరు తెలియదని దాని అర్థం. యూఏఈ అయితే 2022 నవంబరు నుంచి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని అనుమతించడం లేదు.

కాబట్టి చేయవలసింది: రెండు గళ్ళూ నింపండి, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయండి, మిగతా పత్రాల్లో తేడా ఉంటే ముందే సరిచేయించండి. ఆహ్వాన పత్రం, అనుమతి దరఖాస్తు, టికెట్, బీమా, అన్నింటిలో పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మా విద్యార్థిని ఒకరికి ఆహ్వాన పత్రంలో ఇంటిపేరు వెనక, టికెట్‌లో ముందు పడింది. తప్పు ఎవరిది అని తేల్చుకునే లోపు రెండు వారాలు పోయాయి. 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి.

5. డబ్బు

సొంత ప్రాజెక్టులకు మన దేశంలో డిగ్రీ విద్యార్థికి డబ్బు ఇచ్చేవారు అరుదు. ఉన్నదున్నట్టు చెప్పడమే మంచిది. కళాశాల పూర్వ విద్యార్థులను అడగండి, విశ్వవిద్యాలయంలో విదేశీ ప్రయాణ నిధి ఏదైనా ఉందేమో కనుక్కోండి. అమెరికా కళాశాలల్లో చదివే మన పిల్లలకు పరిస్థితి మెరుగు. ప్రాజెక్ట్స్ ఫర్ పీస్ అనే పథకం భాగస్వామ్య కళాశాలల విద్యార్థులకు ఒక్కో ప్రాజెక్టుకు 10,000 డాలర్లు ఇస్తుంది. డిగ్రీ పూర్తిచేసిన వెంటనే ఏడాదిపాటు విదేశాల్లో సొంత పని చేసుకోవడానికి వాట్సన్ ఫెలోషిప్ ఉంది.

ఖర్చుల పట్టికలో విద్యార్థులు మరిచిపోయేవి మూడు: అనుమతి రుసుములు, అనువాదకుల జీతం, చివర్లో ఫలితాలు అచ్చు వేయించే ఖర్చు. విమాన టికెట్ మాత్రం ఎవరూ మరిచిపోరు. అనుమతి చేతికి రాకముందే కొనేసి తేదీ మార్చుకోవడానికి మళ్ళీ డబ్బు కట్టేవారు కూడా ఉన్నారు.

6. ఆరోగ్యం, సామాను

ఆఫ్రికాకు విమానాలు తరచూ అడిస్ అబాబా మీదుగానో, నైరోబి మీదుగానో వెళ్తాయి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి టీకా పత్రం లేకుండా ఇండియాలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. మీరు దిగే దేశానికి అక్కర్లేకపోయినా దారిలో ఆగే దేశం వల్ల అవసరం పడవచ్చు. టీకా హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, విశాఖలో పోర్టు ఆరోగ్య సంస్థలో వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది, ఆపై జీవితకాలం. మలేరియా మందుల గురించి డాక్టరునే అడగండి.

అరూషా దాదాపు 1,400 మీటర్ల ఎత్తులో ఉంది. జూలైలో స్వెటర్ కావాలి. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని కాటన్ చొక్కాలు మాత్రమే సర్దుకోకండి. 2019 జూన్ 1 నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం, కాబట్టి సామాను కవర్లలో చుట్టి తీసుకెళ్ళవద్దు. ఎలక్ట్రోడ్ చేతి సంచిలో పెట్టుకోండి. రసాయనాలు ఏవీ విమానంలో తీసుకెళ్ళకండి, ఆతిథ్య ప్రయోగశాలను ముందే అడిగి ఏర్పాటు చేసుకోండి.

7. దిగాక

మొదటి వారం ఒక్క నమూనా కూడా తీయకండి. కాస్టెక్ పత్రం చేతిలో ఉన్నా, ప్రాంతీయ కార్యాలయం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి వార్డుకు, వార్డు నుంచి గ్రామానికి పరిచయ పత్రాలు దిగాలి. గ్రామంలో ముటెండాజీ అనే కార్యనిర్వహణాధికారి, మ్వెన్యెకిటి అనే అధ్యక్షుడు ఉంటారు. ఇద్దరినీ కలవండి. మన ఊళ్ళో సర్పంచికి చెప్పకుండా ఎవరో వచ్చి బావిలో చేద వేస్తే ఊరుకుంటామా?

పెద్దవారు ఎదురైతే "షికమూ" అనండి. "మీ పాదాలు పట్టుకుంటున్నాను" అన్న అర్థం నుంచి వచ్చిన మాట అంటారు. వాళ్ళు "మరహబా" అంటారు. మనకు ఇది కొత్త కాదు, నోరు తిరిగితే చాలు.

గడియారం సంగతి మాత్రం కొత్తే. స్వాహిలీలో గంటలు ఉదయం ఆరు నుంచి లెక్క పెడతారు. ఏడు గంటలు వాళ్ళకు 'ఒకటి'. నేను వెళ్ళినప్పుడు ఒక అధికారి "సా న్నె" రమ్మన్నారు. న్నె అంటే నాలుగు అని నిఘంటువులో చూసుకుని, సాయంత్రం నాలుగుకు ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళాను. ఆయన నా కోసం ఉదయం పది గంటలకే ఎదురుచూసి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఎవరు సమయం చెప్పినా "ఉదయమా, భోజనం ముందా, తర్వాతా?" అని అడగడం అలవాటైంది.

అనువాదానికి అక్కడి విశ్వవిద్యాలయం విద్యార్థిని పెట్టుకోండి. జీతం ఇవ్వండి, నివేదికలో సహ పరిశోధకులుగా పేరు రాయండి. ప్రతి ఇంటి దగ్గరా స్వాహిలీలో సమ్మతి అడగండి. వద్దంటే షికమూ చెప్పి పక్క ఇంటికి వెళ్ళండి.

నమూనా తీసేటప్పుడు గాజు సీసా వాడకండి, పాలిథిలీన్ సీసా వాడండి. అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి నింపండి. సీసా మీద ఇంటి యజమాని పేరు వద్దు, సంఖ్య చాలు. ప్రతి పదో ఇంటి దగ్గరా రెండు సీసాలు తీయండి. రోజూ పొద్దున లీటరుకు 1, 10 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ప్రామాణిక ద్రావణాలతో ఎలక్ట్రోడ్ సరిచూడండి. రెంటి మధ్య తేడా 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులకు దగ్గరగా రావాలి. 50 దాటకపోతే ఆ రోజు కొలతలు ఆపి, ఎలక్ట్రోడ్ సంగతి చూడండి. నోట్‌బుక్‌లో మీకు అర్థంకానిది కూడా రాయండి: ఏ ఇంట్లో వంటకు ఒక నీళ్ళు, తాగడానికి ఇంకో నీళ్ళు వాడుతున్నారు, వాన నీళ్ళ డ్రమ్ము ఎవరికుంది, ఎవరికి లేదు.

8. సేవ అనే మాట

"నల్లగొండ పద్ధతి మనది కదా, తీసుకెళ్ళి నేర్పుదాం" అని ఉత్సాహపడేవారు ఉంటారు. మీకంటే ముందే అది అక్కడికి చేరింది. 1990లలోనే అరూషా ప్రాంతంలో బకెట్లతో పరీక్షించారు. పటిక, సున్నం మోతాదు నీళ్ళ క్షారతను బట్టి మారుతుంది. రోజూ ఎవరో ఒకరు కలపాలి, గంటసేపు తేరనివ్వాలి, అడుగున మిగిలిన బురద ఎక్కడో పారబోయాలి. ఫ్లోరైడ్ మరీ ఎక్కువైతే ఎంత కలిపినా హద్దులోకి రాదు. ఆ రోజూ కలిపే పని ఎవరి నెత్తిన పడుతుందో నల్లగొండ ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. కాల్చిన ఎముకల బొగ్గుతో వడపోసే పద్ధతి కూడా అక్కడ ఉంది. ఎముక అనగానే ఒప్పుకోని ఇళ్ళు మన దగ్గరా ఉన్నాయి, అక్కడా ఉంటాయి.

అందుకే సేవగా ఏ యంత్రమూ పట్టుకెళ్ళకండి. ఎనిమిది వారాల తర్వాత మీరుండరు, దాని విడిభాగాలు అక్కడ దొరకవు. చేయగలిగినవి చిన్నవి: ఊరి వాళ్ళు అడిగిన అదనపు కుళాయిలు, బడి ట్యాంకు పరీక్షించిపెట్టడం, ప్రయోగశాల విద్యార్థికి ఎలక్ట్రోడ్ సరిచూడటం నేర్పడం, ఏ ఊటలో ఫ్లోరైడ్ తక్కువో పటం గీసి ఇవ్వడం. తక్కువ ఫ్లోరైడ్ ఊట ఒకటి దొరికితే మీ ప్రయాణం ఖర్చు గిట్టినట్టే.

9. తిరిగి వచ్చే ముందు

చివరి వారం కొలతలకు వాడకండి, ముందే క్యాలెండర్‌లో గీత గీసిపెట్టుకోండి. ఆ వారం నలభై ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళాలి. ప్రతి ఇంటికీ అర పేజీ కాగితం: స్వాహిలీలో మీ నీళ్ళ అంకె ఇది, హద్దు ఇది, దగ్గర్లో ఇంతకంటే మంచి నీళ్ళు ఇక్కడ, మగాడి వాడకం తగ్గించవచ్చు, చంటిపిల్లలకు ముందుగా వాన నీళ్ళు ఇవ్వండి. ఈ కాగితంలో ప్రతి మాటనూ మీ ఆతిథ్య పరిశోధకులు, స్థానిక ఆరోగ్య కార్యకర్త చూసి సరేననాలి. చదవలేని ఇంట్లో కూర్చుని చదివి వినిపించండి. ఈ నడకకు మూడు నాలుగు రోజులు పడుతుంది, చాయ్‌లు తాగినన్ని తాగాలి, వద్దనకండి.

మొత్తం పట్టిక ఒక ప్రతి ముటెండాజీ కార్యాలయంలో, ఒకటి నీటి శాఖ జిల్లా కార్యాలయంలో, ఒకటి ఆతిథ్య సంస్థలో ఇవ్వండి. ఇల్లు చేరాక ఒక నెలలోపు కాస్టెక్‌కు నివేదిక పంపండి. పరీక్షలు దగ్గరికొచ్చాయని వాయిదా వేస్తే మరి పంపరు. ఏడాది తర్వాత ఆ అనువాదకుల ఫోనుకు సందేశం పెట్టి, తక్కువ ఫ్లోరైడ్ ఊట దగ్గర ఇప్పుడు బిందెలు ఎన్ని ఉంటున్నాయో అడగండి.